ముందు పప్పు ఉడకాలి, తరువాతే పులుపు

లేత పనసకాయ ముక్కల్ని ఉప్పునీటితో డబ్బాలకెక్కించి అమెరికా, ఐరోపా దుకాణాల్లో అమ్ముతున్నారు. వాటిని పీచులుగా చీల్చి, పొగవాసన ఉన్న తియ్యటి సాస్ పట్టించి, పంది మాంసానికి బదులుగా బ్రెడ్డు మధ్య పెట్టుకుని తింటారు. అదే కాయను గోదావరి జిల్లాల్లో సన్నగా పొట్టు కొట్టి, ఉడికించి, చింతపండు పులుపు చేర్చి, ఘాటుగా పోపు వేసి, దించాక ఆవపెట్టి పెళ్లి విస్తట్లో వడ్డిస్తారు. మొదటి వంటలో పనస మరొకదాని వేషం కట్టింది. రెండో వంటలో తన రుచితోనే నిలిచింది. వీగన్ వంట గురించి ఇప్పుడు నడుస్తున్న మాటలన్నీ దాదాపు మొదటి దారిలోనే ఉన్నాయి: జీడిపప్పు మీగడ, సోయా మాంసం, బాదం పాలు. పాలూ మాంసమూ తీసేస్తే కంచం వెలితిపడుతుందనీ, ఆ వెలితిని పోలికగల వస్తువుతో పూడ్చాలనీ ఈ ఆలోచన. తెలుగిళ్లలో రోజూ వండుకునే పప్పు, పులుసు, పచ్చడి, పొడిలో ఆ వెలితి నాకు కనబడదు. వీటి కమ్మదనం ఏది ముందు పడాలి, ఏది వెనక పడాలి అన్న వరుసలో ఉంది. ఆ వరుస చేతికొస్తే నకళ్ల అవసరమే రాదు.

కందిపప్పు సంగతి చూడండి. పొయ్యి మీద పెట్టిన పప్పులో మొదట్లోనే చింతపండు రసం పోస్తే ఎంతసేపు మరిగినా పలుకు పోదు. గింజలో కణాల్ని అతికి ఉంచే పెక్టిన్ అనే జిగురు పుల్లటి నీటిలో తొందరగా కరగదు. గోంగూర పప్పుకు పప్పు మెత్తబడ్డాకే ఆకు కలపడం, కుక్కర్లో ఒకేసారి పెట్టేసేవాళ్లు కూడా గోంగూరకు వేరే గిన్నె వాడటం ఇందుకే. ఇదే గుణాన్ని దప్పళం తిరగేసి వాడుకుంటుంది. గుమ్మడి, ఆనప, చిలగడదుంప, ములక్కాడ ముక్కల్ని ముందు ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో ముప్పావు వంతు ఉడికించి, అప్పుడు చింతపండు రసం పోస్తారు. పులుపు తగిలినప్పటి నుంచి ముక్క మెత్తబడటం నెమ్మదిస్తుంది. పులుసు తెర్లుతూ చిక్కబడుతున్నా ముక్క చెదరదు. ఉప్పూ పులుపూ బెల్లమూ మాత్రం లోపలికంటా దిగుతాయి. చివర్లో నీళ్లలో కలిపి పోసే కాస్త బియ్యప్పిండి ఆ పులుసుకు ఒక నిండుదనం ఇస్తుంది. వేరేచోట్ల మీగడతో తెచ్చుకునే నిండుదనమే అది.

ఆవగింజ దగ్గర ఈ వరుస మరీ ఆశ్చర్యపరుస్తుంది. నూనెలో చిటపటలాడిన ఆవాలకు ఘాటుండదు, వేపుడు కమ్మదనం ఉంటుంది. అవే ఆవాలు తడి చేసి నూరితే ముక్కుకెక్కుతాయి. గింజ నలిగినప్పుడు అందులోని ఒక ఎంజైము, అప్పటిదాకా దానికి దూరంగా ఉన్న మరో పదార్థాన్ని తడిలో కలుసుకుని విడగొడుతుంది. ఘాటు అప్పుడే పుడుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చుబడుతుంది, అప్పటికే పుట్టిన ఘాటూ ఆవిరైపోతుంది. అరటికాయకైనా పనసపొట్టుకైనా పొయ్యి దించి, కూర కాస్త చల్లారాకే ఆవ కలపాలనడం చాదస్తం కాదు. ఒకే కూరలో పోపులో ఒకసారి, నూరి ఒకసారి పడ్డ ఒకే గింజ రెండు వేర్వేరు రుచులిస్తుంది. ఇంతకంటే పొదుపైన పనితనం ఏముంటుంది? ఇంగువా అంతే. పచ్చిగా ఉన్నప్పుడు ముక్కు మూసుకోవాలనిపించే ఆ జిగురు వేడి నూనెలో పడగానే ఉల్లి, వెల్లుల్లి వేయని పప్పుకు ఆ లోటు తీరుస్తుంది.

ఇక వేయించడం. కంది పొడికి పప్పును సన్నసెగ మీద ఎర్రబడే దాకా, ఓపికగా, కలుపుతూ వేయిస్తారు. ఆ ఎర్రదనంలో గింజలోని ప్రోటీన్లూ చక్కెరలూ వేడికి కలిసి ఉడికిన పప్పులో లేని వాసనలు పుట్టిస్తాయి. ఫ్రెంచి రసాయనవేత్త లూయీ కమీల్ మైయార్ 1912లో వివరించిన చర్య ఇదే. నిప్పుల మీద కాలే మాంసం నోరూరించడానికీ ఇదే కారణం. మాంసం మానేసినవాళ్లు వెతుక్కునే లోతైన రుచిలో పెద్ద భాగం కంది పొడిలో, వేయించిన నువ్వుల్లో, పల్లీల్లో ఎప్పటినుంచో ఉంది. పోషణ లెక్క కూడా ఇక్కడ చక్కగా కుదురుతుంది. కందిపప్పులో నూటికి సుమారు 22 వంతులు ప్రోటీన్. బియ్యంలో కొరవడే లైసిన్ అందులో దండిగా ఉంది, పప్పులో తగ్గే మెథియొనిన్ బియ్యంలోనూ నువ్వుల్లోనూ దొరుకుతుంది.

నెయ్యి లేని ముద్దపప్పు, పెరుగు లేని భోజనం తెలుగువాళ్లు ఊహించగలరా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. మజ్జిగ పులుసు, పెరుగు పచ్చడి లాంటివి పాలు లేకుండా లేవు, వాటికి నకలు చేయమని నేననను. అయితే నెయ్యి ముద్ద మీద పడేది, పెరుగు చివర వచ్చేది. నడుమ ఉన్న పప్పు, కూర, పులుసు, పచ్చడి చాలావరకు వాటి మీద ఆధారపడకుండానే తయారవుతాయి. పొడికీ ఆవకాయకూ నువ్వుల నూనె కొత్తగా అలవాటు చేసుకోవాల్సినదీ కాదు.

శాకాహారం కొన్ని కులాల గొప్పగా చెలామణి అయిందన్న అభ్యంతరం ఇంకా బరువైనది. మడి పేరుతో ఒకరి కంచాన్ని ఎక్కువ, మరొకరి కంచాన్ని తక్కువ చేసిన చరిత్రను దాచలేం. కానీ ఈ వంటలు ఆ కులాల సొత్తు అనుకుంటే పొరపాటు. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 98 శాతానికి పైగా జనం మాంసం తినేవారే. వారం పొడుగునా ఆ ఇళ్లలో ఎక్కువగా కనబడేది పప్పు, చారు, తొక్కు, పచ్చిపులుసే. తెలంగాణ పచ్చిపులుసునే తీసుకోండి: చింతపండు పిసికిన నీళ్లలో కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు ఉప్పుతో నలిపి కలుపుతారు, నువ్వుల పొడి చల్లితే మరీ రుచి. అసలు మరిగించే పనే లేదు. ఈ వంటలకు తీరిక ఎక్కడుందనేవారికీ ఇదే నా జవాబు.

ఒక లోటు మాత్రం వంటతో తీరదు. బి12 విటమిన్ పప్పుల్లో, ఆకుకూరల్లో ఉండదు. పులిసిన పిండినీ నమ్ముకోలేం. పాలు కూడా పూర్తిగా మానేసినవారు డాక్టరునడిగి మాత్రలు వాడుకోవాల్సిందే. ఐరన్ విషయం అలా కాదు. పప్పులో ఉన్న ఐరన్ ఒంటికి బాగా పట్టాలంటే సి విటమిన్ తోడుండాలి, అది వేడికి నిలవదు. నిమ్మకాయ పప్పుకు రసం దించాకే పిండమనేది చేదెక్కకుండా ఉండటానికి. విటమిన్ మిగలడానికీ అదే పద్ధతి మంచిది.