దోస్తీ ఎంతదాకా వస్తుంది?

యూనివర్సిటీలో కులం ఉండదనీ, అక్కడందరూ స్నేహితులేననీ చెప్పేవాళ్లు మనకు చాలామందే తగులుతారు. ఆ స్నేహం ఎంతదాకా వస్తుందయ్యా అని అడిగితే మాత్రం మాట మారుస్తారు. క్యాంటీన్లో బెంచీ దాకానా? హాస్టల్ గది దాకానా? ఇంట్లో వంటగది దాకానా? ఈ ప్రశ్నకు గట్టి ఆధారంతో నిలబడిన రచన ఒకటుంది. అది అంబేడ్కర్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. 1930ల నడుమ రాసిన ఈ చిన్న పుస్తకం 1990లో గాని అచ్చులోకి రాలేదు. అంటరానితనమంటే ఏమిటో పరాయిదేశం వాళ్లకు తెలియజెప్పడానికి రాసింది కాబట్టి దీన్ని అందరూ సాక్ష్యంగానే చదువుతూ వచ్చారు. అది తప్పు కాదు. కాని మేము దీన్ని స్నేహం గురించిన రచనగా కూడా చదవాలంటున్నాం.

1913లో అంబేడ్కర్ బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయాడు. అక్కడ లివింగ్‌స్టన్ హాల్ అనే హాస్టల్లో నావల్ భతేనా అనే పార్సీ విద్యార్థితో కలిసి ఒకే గదిలో ఉన్నాడు. ఆ స్నేహం చదువుతో అయిపోలేదు, జీవితాంతం నిలిచింది. ఆగిపోయిన చదువు పూర్తిచెయ్యడానికి 1920లో అంబేడ్కర్ మళ్లీ లండన్ పోయినప్పుడు అప్పిచ్చి ఆదుకున్నవాళ్లలో భతేనా ఒకడు. విదేశాల్లో గడిపిన ఆ ఏళ్లలో తాను అంటరానివాణ్ణనే సంగతే మరిచిపోయానని అంబేడ్కర్ రాసుకున్నాడు.

ఎట్లా మరిచిపోగలిగాడు? కొలంబియా సమానత్వానికి పుట్టిల్లు అయినందువల్ల కాదు. ఆనాటి అమెరికాలో నల్లవాళ్లను బడిలో, బండిలో, వాడలో వేరుగా పెట్టే పద్ధతి బాహాటంగానే నడుస్తోంది. అయితే ఆ దేశానికి మనిషి రంగును చూసి దూరం పెట్టడం తెలుసు గాని మహర్ అంటే ఏమిటో తెలీదు. కులాన్ని చదవడం రాని చోట అంబేడ్కర్‌కు ఊపిరాడింది. కాబట్టి రకరకాల మనుషులు ఒకచోట చేరినంత మాత్రాన వివక్ష పోతుందని ఈ కథలోంచి నీతి లాగడం కుదరదు. అక్కడ ఎవర్ని గుర్తుపడతారు, ఎవర్ని గుర్తుపట్టరు అన్నదే అసలు లెక్క.

ఆ లెక్క బరోడాలో తేలింది. స్కాలర్‌షిప్ గడువు తీరి, సంస్థానంలో కొలువు చెయ్యడానికి 1917లో వచ్చిన అంబేడ్కర్‌కు ఉండడానికి చోటు దొరకలేదు. హిందూ హోటళ్లు రానివ్వవు. చివరికి ఒక పార్సీ సత్రంలో, రిజిస్టర్లో పార్సీ పేరు రాయించుకుని, రోజుకు రూపాయిన్నర ఇచ్చి తలదాచుకున్నాడు. పదకొండో రోజు పొద్దున పన్నెండు మంది దాకా పార్సీలు కర్రలు పట్టుకుని వచ్చి మీదపడ్డారు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యాలన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది స్నేహితులే. ఒకాయన హిందువు, ఒకాయన క్రైస్తవుడు. హిందూ మిత్రుడు సంగతి విని బాధపడ్డాడు, కోపం కూడా తెచ్చుకున్నాడు. కాని నువ్వు మా ఇంటికొస్తే పనివాళ్లు మానేస్తారని ఒక మాట జారవిడిచాడు. క్రైస్తవ మిత్రుడు అంతకుముందొకసారి తనంతట తానే వచ్చి ఉండమని పిలిచినవాడు. ఇప్పుడు మాత్రం రేపు నా భార్య వస్తుంది, ఆమెను అడిగి చెప్తానన్నాడు. అంబేడ్కర్ ఇక ఎవర్నీ అడగలేదు. కామాఠీ బాగ్ తోటలో కూచుని, రాత్రి బొంబాయి బండెక్కాడు.

ఈ ఇద్దరి మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరూ నాకు నువ్వు అంటరానివాడివి అనలేదు. ఒకరు కులాన్ని పనివాళ్ల నెత్తిన పెట్టారు, ఇంకొకరు పెళ్లాం నెత్తిన పెట్టారు. వాళ్ల మటుకు వాళ్లు ఉదారులే! ఆ దంపతులది మొదట బ్రాహ్మణ కుటుంబమనీ, మతం మారాక భర్త ఆలోచన మారినా భార్య ఆచారం మారలేదనీ అంబేడ్కర్ తర్వాత తెలుసుకుని రాశాడు. ఇక్కడ మేము ఒక్క అడుగు ముందుకేసి అడుగుతాం. ఇంట్లో ఆచారాన్ని ఆడవాళ్లకు అప్పజెప్పి, బయట ఉదారతను మగవాడు అట్టిపెట్టుకోవడం ఎవరికి లాభం? నాకేం పట్టింపు లేదు గాని మా అమ్మ ఒప్పుకోదు అనే మాట ఈనాటికీ మన క్యాంపస్‌లలో స్నేహానికీ ప్రేమకూ అడ్డుగోడగా నిలబడే ఉంది. ఈ మాటకు వందేళ్ల చరిత్ర ఉందని ఈ పుస్తకం చూపిస్తోంది. పిలవడం సులువు. అవసరంలో ఉన్నవాడు గుమ్మం ముందు నిలబడ్డప్పుడే ఆ పిలుపు విలువ తెలుస్తుంది.

మరో సంగతి. కర్రలు పట్టుకొచ్చిందీ పార్సీలే, గది పంచుకున్నదీ పార్సీయే. అయినా ఈ పుస్తకంలో భతేనా పేరెత్తలేదు అంబేడ్కర్. కృతజ్ఞత లేక కాదు. ఒక మంచి మిత్రుడున్నాడన్నది ఒక సమాజం మంచిదనడానికి రుజువు కాదని ఆయనకు తెల్సు. నాకూ దళిత స్నేహితులున్నారు అని వాదనకు దిగేవాళ్లకు ఈ మౌనమే జవాబు.

మన విశ్వవిద్యాలయాల సంగతికొద్దాం. ఇక్కడ కులాన్ని చదవడం అందరికీ వచ్చు. ఇంటిపేరేంటి, మీదే ఊరు, ర్యాంకెంత అని మూడు ప్రశ్నలేస్తే చాలు. ఢిల్లీ ఎయిమ్స్‌లో కులవివక్షపై సుఖ్‌దేవ్ థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక, వేధింపుల వల్ల ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు హాస్టళ్లలో ఒక మూలకు చేరాల్సి వస్తోందని చెప్పింది. ముందు మూలకు నెట్టేది వీళ్లే, తర్వాత వాళ్లే గుంపు కడుతున్నారని అనేదీ వీళ్లే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 1993లో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టినప్పుడు కూడా చదువుకునే చోట కులసంఘాలేంటని ముఖం చిట్లించినవాళ్లున్నారు. గుమ్మాలన్నీ మూసుకున్నవాడికి తన గుమ్మం తాను కట్టుకోవడం తప్పెట్లా అవుతుంది? 2016 జనవరిలో హాస్టల్ నుంచి వెలేసిన అయిదుగురు పరిశోధక విద్యార్థులు ఆరుబయట వెలివాడ కట్టుకుని పడుకున్నారు. ఆ నెల 17న వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. బరోడా తోటలో దిక్కులేక కూచున్న ఆ మనిషికి అప్పుడు సంఘం లేదు. వెలివాడలో సంఘం ఉంది, తోటి విద్యార్థులున్నారు, అయినా ప్రాణం నిలవలేదు. సంఘం ఒక్కటే చాలదనీ, సంస్థ మారాలనీ దీనర్థం. సంఘం వద్దని కాదు.

అట్లాగని కులం దాటిన స్నేహం అబద్ధమని మేము అనడం లేదు. భతేనా అబద్ధం కాదు. అవసరానికి చెయ్యందించాడు, ఆ చెయ్యి ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు. అట్లాంటి స్నేహాన్ని మేమూ కోరుకుంటాం. కాని దళిత విద్యార్థి తన ఇంటిపేరు దాచి, తిండి దాచి, వాడ పేరు దాచి సంపాదించుకునే స్నేహం, సత్రం రిజిస్టర్లో పార్సీ పేరు రాయించుకోవడం లాంటిది. అది పదకొండో రోజు దాకా కూడా ఆగదు. సొంత పేరు చెప్పి తలుపు తట్టినప్పుడు తెరిచేవాడే దోస్తు. ఆ తట్టే ధైర్యం ఒక్కడికి రాదు, వెనక పదిమంది ఉంటే వస్తుంది. అందుకే క్యాంపస్‌లో దళిత విద్యార్థులకు స్నేహమూ కావాలి, సంఘమూ కావాలి. ఒకటి ఇచ్చి రెండోది వదులుకోమనే బేరానికి మేము ఒప్పుకోం.