కాంక్రీటు పడకముందే

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా బెండింగ్ మూమెంటు, కటాఫ్ మార్కులు, నోటిఫికేషన్ ఎప్పుడన్న మాటలే చెవిన పడతాయి. చిక్కడపల్లి గ్రంథాలయంలో కుర్చీ దొరకనివాళ్లు ఆవరణలోనే పుస్తకం తెరుస్తారు. 2023 మార్చిలో అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) పరీక్ష పేపరు లీకై రద్దయినప్పుడు ఈ వీధులు ఊరికే భగ్గుమనలేదు. పైనున్నవాళ్లు బాధ్యత తప్పితే కిందివాడి బతుకేమవుతుందో సర్కారు కొలువుకు చదివే ఈ పిల్లలకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

రిటైరైన ఇంజినీరునని తెలిసి వాళ్లలో ఎవరో ఒకరు అడుగుతుంటారు: "సార్, ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ) అయితేగానీ మన మాట చెల్లదు కదా?"

చెల్లుతుంది నాయనా. పునాది గుంటలో కడ్డీ ఎంత మందముందో, ఎంత ఎడంతో కట్టారో కళ్లారా చూసేది ఏఈయే. సాయంత్రం కాంక్రీటు పడిపోయాక చీఫ్ ఇంజినీరు దిగివచ్చినా కనిపించేది నున్నటి సిమెంటే. డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (డీఈ) చెక్ మెజర్‌మెంటు చేస్తాడు, ఈఈ బిల్లు పాస్ చేస్తాడు. కానీ "ఆపండి" అనగలిగిన ఘడియ ఏఈ చేతిలో ఉంటుంది. సరిగ్గా ఆ ఘడియలోనే మిక్సరు లారీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంటుంది. కాంట్రాక్టరు మనిషి వాచీ చూసుకుంటుంటాడు. ప్రారంభోత్సవానికి ముహూర్తం ఎప్పుడో కుదిరిపోయి ఉంటుంది.

నారాయణగూడలో మెట్రో స్తంభం కింద పునాది ఎంత లోతుందో దాని నీడలో బస్సు కోసం నిలబడ్డవాళ్లకి తెలియదు. తెలియనక్కర్లేదు కూడా. ఎవరో చూసే ఉంటారని వాళ్ల ధీమా. మన జీతం ఆ ధీమాకే.

మరి పై అధికారి చేయాల్సిందేమిటి? ఆ "ఆపండి"కి అండగా నిలబడటం. నేను కొత్తగా చేరినప్పుడు మా డీఈ గారికి ఒక అలవాటుండేది. కాంట్రాక్టరు నా మీద ఫిర్యాదు మోసుకొస్తే, ముందు నన్ను పిలిచి "నువ్వు చూసింది రాసిచ్చావా?" అనేవారు. రాసిస్తే ఆపైన మాట్లాడే భారం ఆయనది. నోటిమాటతో సరిపెడితే చీవాట్లు నాకు. నాయకత్వం మీద ఆ తర్వాత విన్న ఉపన్యాసాలేవీ అంత పనికిరాలేదు.

చూసింది రాసిపెట్టడం విలువ ఈ నగరానికి కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది ఊరిని ముంచేసింది. ఆ మరుసటేడు నిజాం ప్రభుత్వం పిలిస్తే వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నెపం వాన మీదకి నెట్టి వెళ్లిపోలేదు. ఎగువనున్న 788 చెరువుల్లో 221 తెగాయని లెక్క తేల్చారు. ఏది చెడిందో కాగితం మీదకొచ్చాకే ఏం కట్టాలో తేలింది. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి.

అదే నగరంలో హుస్సేన్‌సాగర్ మిగులునీటి నాలా ఈ అశోక్‌నగర్ పక్కనుంచే మూసీకి పోతుంది. 2000 ఆగస్టు 24న 24 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు దాని ఒడ్డు బస్తీలు మునిగాయి. నాలాలు రాత్రికి రాత్రి ఇరుకైపోవు. గోడ జానెడు ముందుకు జరిగిన ప్రతిసారీ అటుగా ఒక ఇంజినీరు నడిచే ఉంటాడు. చూశాడా? చూస్తే రాశాడా? రాస్తే పైవాడు కదిలాడా, ఫైలు అడుగున పడేశాడా? వరద వచ్చాక వేసే కమిటీలన్నీ చివరికి వెతికేది ఈ మూడు ప్రశ్నలకు జవాబే.

రేపు ఉద్యోగం వచ్చాక మీ చేతికి కొలతలు రాసే ఎం.బుక్ ఇస్తారు. పైనుండేవాడు ఎలాంటివాడన్నది మీ చేతిలో లేదు. చూడని కొలతను చూసినట్టు రాయకపోవడం మాత్రం మీ చేతిలోనే ఉంది. కొన్నేళ్లకు మీరే ఈఈ కుర్చీలో కూర్చున్నప్పుడు, ఏఈ చెడ్డకబురు పట్టుకొస్తే మొహం చిట్లించకండి. ఒక్కసారి చిట్లిస్తే చాలు, రెండో కబురు మీదాకా రాదు.