గట్టిదనమే బలమా? - ట్రెలోర్ రబ్బరు గ్రంథము

రబ్బరులో గంధకము హెచ్చినకొలది బలము హెచ్చునని తరగతులలో చెప్పుట కలదు. ఈ మాటలో సగమే నిజము. ఆ సగమేదో తెలిసికొనుటకు ఎల్. ఆర్. జి. ట్రెలోర్ రచించిన 'ది ఫిజిక్స్ ఆఫ్ రబ్బర్ ఎలాస్టిసిటీ' మిక్కిలి ఉపకరించును. ఈ గ్రంథము మొదట 1949 లో వెలువడినది. మూడవ కూర్పు 1975 నాటిది.

బరువు వ్రేలాడదీసిన ఉక్కుతీగను వేడిచేసినచో సాగును. అట్లే సాగియున్న రబ్బరు పట్టీని వేడిచేసినచో కురుచయగును. 1805 లో జాన్ గఫ్ ప్రకటించిన ఈ వింతకు ట్రెలోర్ చెప్పిన కారణము తేటగా నున్నది. రబ్బరు అణువులు పొడవైన గొలుసులు. ఉష్ణచలనము వలన అవి ఎప్పుడును ముడుచుకొనియే యుండును. లాగినపుడు వరుసకు వచ్చి, విడిచినపుడు మరల ముడుచుకొనును. వేడి హెచ్చినచో ముడుచుకొను వేగిరపాటును హెచ్చును. గంధకము ఈ గొలుసుల నడుమ అడ్డులంకెలు వేసి వానిని ఒక వలగా కూర్చును. ఒక ఘనపు సెంటీమీటరులో లంకెల నడుమనున్న గొలుసుముక్కలెన్ని, పరమ ఉష్ణోగ్రత యెంత - ఈ రెంటి లబ్ధమును బట్టి దృఢతా గుణకము మారును. లంకెలు రెట్టింపైనచో గట్టిదనమును దాదాపు రెట్టింపగును.

ఈ లెక్క కొలతతో సరిగా కలియదు. ఒక కొననే కట్టువడిన గొలుసు బరువు మోయదు. లంకె లేకున్నను పెనవైచుకొనిన గొలుసులు లంకెవలె పనిచేయును. అడ్డులంకెలను గూర్చిన అధ్యాయములో గ్రంథకర్త ఈ చిక్కులను దాచక చర్చించుట మెచ్చదగినది.

అయితే గట్టిదనము వేరు, తెగకుండు బలము వేరు. నూరు పాళ్ల రబ్బరునకు 2, 3 పాళ్ల గంధకము చేర్చినచో మెత్తని రబ్బరు వచ్చును; సుమారు 30 పాళ్లు చేర్చినచో సాగని ఎబొనైటు వచ్చును. లంకెలు హెచ్చినకొలది మెత్తని రబ్బరు బలము కొంతవరకు పెరిగి, పిదప తగ్గును. గొలుసుముక్కలు మరీ పొట్టివైనచో ఒత్తిడిని పంచుకొనజాలవు. పదార్థమును బట్టియు బలము మారును. సహజ రబ్బరు సాగినపుడు స్ఫటికమై చిరుగును అడ్డగించును. స్టైరీన్-బ్యూటడయీన్ రబ్బరులో గొలుసుల కూర్పు క్రమము తప్పినందున స్ఫటికము కాదు. గట్టిదనము సమానమైనను, కార్బన్ బ్లాక్ అను మసి చేర్చనిదే దానికి తగిన బలము రాదు.

తెగుటను గూర్చియు, మసి చేర్చుటను గూర్చియు ప్రత్యేకాధ్యాయము లేకుండుట ఈ గ్రంథమునకు గల కొరత. సంభావ్యతా గణితము విద్యార్థులకు బరువే. కాని ఉపాధ్యాయులు తొలి అధ్యాయములను చదివి, వెడల్పాటి రబ్బరు పట్టీని చప్పున సాగదీసి పెదవికి తాకించి, అది వెచ్చబడుటను చూపినచో పాఠము సులువుగా బోధపడును.