కెంపులోని పట్టుపోగులు

కెంపు రంగును మెచ్చుకోవడానికి శాస్త్రం అక్కర్లేదు, కళ్లుంటే చాలు. కానీ పది రెట్లు పెంచి చూపే భూతద్దాన్ని కంటికి ఆనించి, రాయిని ట్వీజర్లతో దగ్గరికి తెచ్చి, దీపాన్ని పక్కకు జరిపి చూడండి. ఒట్టి ఎరుపుగా తోచినచోట సన్నని సూదులు తేలతాయి.

అవి రూటైల్ అనే టైటానియం ఖనిజపు సూదులు. రాయి పుట్టిన వేడిలో టైటానియం కెంపులో కలిసిపోయి ఉంటుంది. రాయి నెమ్మదిగా చల్లారుతున్నకొద్దీ అక్కడ ఇమడలేక సూదులై విడివడుతుంది. అదీ ఇష్టమొచ్చినట్టు కాదు. స్ఫటికం అమరిక ఒప్పుకున్న మూడు దిక్కుల్లోనే, 60 డిగ్రీల కోణంలో ఒకదాన్నొకటి దాటుతూ. వర్తకులు వీటిని సిల్క్ అంటారు. పక్కవెలుతురు తగలగానే ఒక వరస రంగురంగులుగా అంటుకుంటుంది. రాయిని వెంట్రుకవాసి తిప్పితే అది ఆరిపోయి మరో వరస వెలుగుతుంది. ఎంతసేపు చూసినా తనివి తీరదు! పోగులు దట్టంగా ఉన్న రాయిని ఉబ్బెత్తుగా సానపడితే, ఒంటిదీపం కింద ఆరు కిరణాల నక్షత్రం కనిపించేది వీటి చలవే. కెంపులో మెచ్చుకోవాల్సిన వెలుగు ఇంకొకటి ఉంది. బర్మాలోని మొగోక్ కెంపులు పాలరాతిలో పుట్టినవి, ఆ వెలుగును అణచే ఇనుము వాటిలో తక్కువ. అందుకే ఎండలోకి తెస్తే వాటికి ఎరుపునిచ్చే క్రోమియం తానే ఎర్రగా వెలుగుతుంది.

ఆ వెలుగు ఒక్కటే చూసి మురిస్తే మోసపోతాం. 1902లో ఫ్రెంచి రసాయనవేత్త ఒగుస్త్ వెర్నోయ్ ప్రకటించిన పద్ధతిలో చేసిన కెంపూ అలాగే వెలుగుతుంది. అల్యూమినియం ఆక్సైడ్ పొడి మంటలోంచి రాలి, కరిగి, పేరుకుని కొన్ని గంటల్లో రాయవుతుంది. రసాయనికంగా అదీ కెంపే. అయితే దాని లోపలి పెరుగుదల గీతలు గ్రామఫోన్ రికార్డు గాడుల్లా వంపు తిరిగి ఉంటాయి. భూమిలో పెరిగిన కెంపు గీతలు తిన్నగా సాగి కోణం తిరుగుతాయి. మంట తొందర, నేల ఓపిక రెండూ ఆ గీతల్లో కంటికి కనబడతాయి. రత్నశాస్త్రంలో నాకు ఇంతకన్నా గొప్ప దృశ్యం లేదు.

కెంపని పొరబడే మరో ఎర్రరాయి స్పినెల్ సంగతి వేరు. రాయి రంగుల్ని విడదీసి పక్కపక్కన చూపే డైక్రోస్కోప్‌లో కెంపు ఊదా వైపు ఒకటి, నారింజ వైపు ఒకటిగా రెండు ఎరుపులు చూపిస్తుంది. స్పినెల్‌ను ఎటు తిప్పినా ఒకటే ఎరుపు. మొగల్ చక్రవర్తుల పేర్లు చెక్కిన, 350 క్యారెట్లు దాటిన తైమూర్ రూబీ నిజానికి స్పినెలే. ఆ మాట తెలిశాక దాని అందం తరిగిందని నేననుకోను.

కొనేవాళ్లు మాత్రం లోపల ఏమీ లేని రాయినే అడుగుతారు. అందుకే ఎన్నో కెంపుల్ని కొలిమిలో పెడతారు. 1,500 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో పోగులు తెగి, చుక్కలై, కరిగిపోతాయి. రంగు తేటపడుతుంది, ధర పెరుగుతుంది. చెప్పి అమ్మితే అందులో తప్పు లేదు. కానీ పోగులు చెక్కుచెదరని కెంపు, తాను అంత వేడి ఎరగనని తానే సాక్ష్యం చెబుతుంది. రెండూ నా ముందు పెట్టి ఎంచుకోమంటే, వెలుతురుకు అడ్డుపడనంత పలచగా పోగులున్నదాన్నే తీసుకుంటాను.