రేకు లోతుల్లో రంగులు: కృష్ణారెడ్డి పనితనం

సియాల్దా నుంచి దక్షిణానికి వచ్చే ఒక రైలు దారికి చివరి స్టేషను బజ్‌బజ్. ఇంగ్లీషు వాళ్ళు బడ్జ్ బడ్జ్ అని రాసుకున్నారు. ఊరికి ఒకవైపు జనపనార మిల్లులు, ఇంకోవైపు చమురు డిపోలు, పక్కనే హుగ్లీ నది. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ ఓడల్లో వచ్చిన చమురు ఇక్కడి ట్యాంకుల్లో నిండుతూనే ఉంది. రేవు మెట్ల మీద కూచుంటే ఒక్కోసారి బురద నీళ్ళ మీద నూనె పొర తేలుతూ వస్తుంది. ఊదా, పసుపు, నెమలి ఆకుపచ్చ. ఆ రంగులు వెలుతురు చేసేవి, వాటి సంగతి వేరు. నా చూపు నిలిచేది పొర అంచు మీద. నది ఎంత ఊగినా నూనె తన హద్దు తానే గీసుకుంటుంది.

నూనె గీసే ఆ హద్దును నమ్ముకుని పనిచేసిన తెలుగువాడు కృష్ణారెడ్డి గారు. ఒకే లోహపు రేకు నుంచి, ప్రెస్సులో ఒకే ఒక్క నడకతో, అనేక రంగుల చిత్రం తీసే పద్ధతిని రూపొందించిన కొద్దిమందిలో ఆయన ఒకరు. ఆ పద్ధతిని అందరికంటే లోతుకు తీసుకెళ్ళింది మాత్రం ఆయనే అని నా నమ్మకం. ఇక్కడ లోతు అన్న మాట ఉత్త పొగడ్తగా వాడలేదు. ఆయన పనంతా నిజంగానే లోతుల మీద నడిచింది.

1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టారు. రిషి వ్యాలీ బడిలో చదివి, 1941లో శాంతినికేతనం చేరి నందలాల్ బోస్ శిష్యులయ్యారు. 1947 నుంచి రెండేళ్ళు మద్రాసు కళాక్షేత్రంలో చిత్రకళా విభాగం చూశారు. 1949లో లండన్ వెళ్ళి స్లేడ్ స్కూలులో చేరారు, హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. తర్వాత పారిస్‌లో ఓసిప్ జాద్కిన్, మిలాన్‌లో మరీనో మరీని. యూరప్‌లో దొరికిన గురువులు ముగ్గురూ శిల్పులే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఆయన రేకుల్లో సగం అర్థమైనట్టే.

పారిస్‌లో ఆయన అడుగుపెట్టిన కార్ఖానా పేరు అతెలియే 17. దాన్ని నడిపిన స్టాన్లీ విలియం హేటర్ బ్రిటిష్ చిత్రకారుడు, 1901లో లండన్‌లో పుట్టారు. తండ్రి చిత్రకారుడే అయినా కొడుకు కింగ్స్ కాలేజీలో చదివింది రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం. 1922 నుంచి 1925 దాకా ఆబదాన్‌లో ఆంగ్లో పర్షియన్ ఆయిల్ కంపెనీలో ఉద్యోగం చేశారు. అది వదిలి 1926లో పారిస్ చేరి, మరుసటి ఏడు ముద్రణ కార్ఖానా పెట్టారు. 1933లో అది కాంపాన్ ప్రెమియేర్ వీధిలో 17వ నంబరు ఇంటికి మారడంతో ఆ పేరు వచ్చింది. జోన్ మీరో, జియాకొమెట్టి లాంటి వాళ్ళు అక్కడ రేకులు చెక్కారు. చమురు ఊళ్ళో కూచుని రాస్తున్నందుకేమో, ఆబదాన్ ముక్క నాకు పదేపదే గుర్తొస్తుంది. నూనె గుణం తెలిసిన రసాయనవేత్త ఒకరు, లోహంలో ఎత్తుపల్లాలు చూడగల శిల్పి ఒకరు, ఇద్దరూ ఒకే ప్రెస్సు దగ్గర నిలబడ్డారు.

వాళ్ళు పట్టిన సమస్య అర్థం కావాలంటే ముందు ఇంటాగ్లియో అనే ముద్రణ ఎలా జరుగుతుందో చూడాలి. కలంకారీ అచ్చులో రంగు అంటేది ఉబ్బెత్తు భాగానికి. ఇంటాగ్లియోలో దీనికి సరిగ్గా తలకిందులు. రాగి రేకులోనో జింకు రేకులోనో గీతలు తవ్వుతారు. తవ్వడానికి బురిన్ అనే చతురస్రపు మొన ఉలి ఒక దారి. కుడి చేతిలో ఉలి దాదాపు కదలకుండా ముందుకే పోతుంది, వంపు కావాలంటే ఎడమ చేత్తో రేకునే తిప్పాలి. ఆమ్లం ఇంకో దారి. రేకుకు మైనం, తారు కలిపిన పూత పూసి, కావలసిన చోట పూతను గీకి, పలచటి నైట్రిక్ ఆమ్లంలో ముంచితే లోహం బయటపడిన చోటల్లా ఆమ్లం తినేస్తుంది. ఎంతసేపు ముంచితే అంత లోతు. ఆపైన పూత కడిగేసి రేకంతా సిరా రుద్ది, గంజి పెట్టిన పలచటి బట్టతో పైభాగం తుడిచేస్తారు. సిరా గీతల్లో మాత్రం మిగులుతుంది. తడిపిన మందపాటి కాగితం రేకు మీద పరిచి, దాని మీద ఊలు దుప్పట్లు కప్పి, రెండు ఇనుప రోలర్ల మధ్య నుంచి నెడతారు. ఆ ఒత్తిడికి కాగితం గీతల్లోకి దిగి సిరాను పీల్చుకుంటుంది. అందుకే ఈ ప్రింటు మీద వేలు పెడితే గీత తగులుతుంది.

ఇంతవరకు ఒక్క రంగే. రెండో రంగు కావాలంటే రెండో రేకు, మూడో రంగుకు మూడోది. ప్రతి రేకూ మునుపటి ముద్ర మీద సరిగ్గా కూచోవాలి. తడి కాగితం సాగుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. వెంట్రుక వాసి జరిగినా బొమ్మ మసకబారుతుంది. 1946లో హేటర్ ‘సేంక్ పెర్సొనాజ్’ అనే చిత్రంలో దీనికి ఒక దారి చూపారు. గీతల్లో నల్ల సిరా నింపిన రేకు మీదే పట్టు తెరల గుండా మూడు రంగులు అద్ది, అన్నిటినీ కలిపి ఒకేసారి ముద్రించారు. అప్పటికి అది పెద్ద ముందడుగే. కానీ రంగు ఇంకా రేకు పైన కూచున్న అతిథే. రేకు ఆకారానికీ రంగుకూ చుట్టరికం కుదరలేదు.

ఆ చుట్టరికాన్ని 1950లలో అతెలియే 17లో కృష్ణారెడ్డి గారు, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ కుదిర్చారు, హేటర్ కూడా తోడుగా. దానికి ఆధారం మన వంటింట్లోనే కనిపిస్తుంది. పెనం మీద నూనె ఎక్కువైతే అట్టు పిండి పట్టదు, గరిటె తిప్పితే పిండి గరిటె వెంటే లేచి వచ్చేస్తుంది. పెనం పొడిగా ఉన్న చోట మాత్రం గట్టిగా అంటుకుంటుంది. సిరాలో కూడా ఇదే జరుగుతుంది. అవిసె నూనె ఎక్కువ కలిపిన జారుడు సిరా ముందుగా ఒక చోట పరుచుకుని ఉంటే, నూనె తక్కువైన గట్టి సిరా దాని మీద పట్టదు, రోలర్‌కే అంటుకుని వెనక్కి వస్తుంది. వరస తప్పి గట్టిది ముందూ జారుడుది వెనకా పడితే మాత్రం రెండూ కలిసిపోతాయి. రెండింటిలో నూనె సమానంగా ఉన్నా అంతే.

ఇక రోలర్లు. గట్టి రోలర్‌ను తేలిక చేత్తో నడిపితే అది ఎత్తు భాగాలనే తాకుతుంది. చదును చెయ్యని మడి మీద చెక్క పలక తోలితే గడ్డల తలలే తగులుతాయి, గుంటల్లోకి పలక దిగదు. మెత్తటి రోలర్‌ను బరువుగా నొక్కి నడిపితే అది తడిసిన గోనెసంచిలా గుంటల్లోకి కూడా దిగుతుంది. రోలర్ చుట్టుకొలత కూడా లెక్కలోకి వస్తుంది. ఒక్క తిరుగుడులో రేకంతా కవరయ్యేంత పెద్దది కావాలి, లేకపోతే రెండో తిరుగుడు మొదలైన చోట అతుకు కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక ముద్ర తీసే వరస చూద్దాం. రేకుకు మూడు అంతస్తులు ఉన్నాయనుకోండి: పైన చదును, మధ్యలో ఆమ్లం దింపిన పల్లం, అన్నిటికంటే అడుగున గీతలు. మొదట గీతల్లో గోధుమ రంగు సిరా నింపి పైనంతా తుడుస్తారు. తర్వాత నూనె ఎక్కువగా కలిపిన పసుపును గట్టి రోలర్‌తో నడిపిస్తారు, అది పై చదును మీద మాత్రమే పరుచుకుంటుంది. చివరగా గట్టిగా ఉంచిన నీలాన్ని మెత్తటి రోలర్‌తో నొక్కుతారు. ఆ నీలం మొత్తం రేకును తాకుతుంది. పల్లంలో ఖాళీ లోహం దొరికింది కనుక అక్కడ నిలుస్తుంది. పై చదును మీద పసుపులోని నూనె ఒప్పుకోదు కనుక అక్కడ నుంచి రోలర్‌తో పాటే వెళ్ళిపోతుంది. రేకు మీద గోధుమ, పసుపు, నీలం మూడూ తమ తమ అంతస్తుల్లో పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో ఎవరూ గీయని హద్దుతో. ఒక్కసారి ప్రెస్సులోంచి నడిపితే మూడూ కాగితం మీదికి వచ్చేస్తాయి. సరిపెట్టాల్సిన రెండో రేకు లేదు, జరిగిపోయే భయం లేదు.

చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి మాత్రం పాకం పట్టినంత చూపు కావాలి. లేత పాకానికీ తీగ పాకానికీ ముదురు పాకానికీ తేడా చెయ్యి చెప్పినట్టే, చాకుతో ఎత్తిన సిరా ఎంత తొందరగా జారి పడుతుందో చూసి దానిలో నూనె అంచనా వేస్తారు. గాజు పలక మీద ఒక సిరా పూసి దాని మీద రెండో సిరా రోలర్ అడ్డంగా నడిపితే, కలుస్తుందో విడిపోతుందో ముందే తెలిసిపోతుంది. వేడికి నూనె పలచనవుతుంది, కాబట్టి చలికాలం పొద్దున కుదిరిన కలయిక ఎండాకాలం మధ్యాహ్నం కుదరదు. హుగ్లీ ఒడ్డు ఉక్కలో ఎవరైనా ఈ పని మొదలెడితే మొదటి నెలంతా నూనె చుక్కలు లెక్కపెట్టడానికే సరిపోతుంది.

ఈ పద్ధతికి విస్కాసిటీ (చిక్కదనం) ముద్రణ అని పేరు. అతెలియే 17లో చాలామంది దాన్ని వాడారు. చాలామంది చేతుల్లో అది గీతల చిత్రానికి రంగు పూసే వాటంగానే మిగిలింది. కృష్ణారెడ్డి గారు రేకును శిల్పం చెక్కినట్టు చెక్కారు. రంగు ఎక్కడ నిలవాలో లోతే నిర్ణయిస్తుందని తేలాక, ఆయనకు లోతు చెక్కడమంటే రంగు వెయ్యడమే అయింది. మామూలుగా ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం ఉండే లోహంలో కొండలు, వాలులు, లోయలు తీశారు. ఆమ్లం తిన్న మెట్ల అంచులను గీరుడు కత్తితో వాలుగా దించి, పాలిష్ పనిముట్టుతో నునుపు చేశారు. ఉలితోనూ కరెంటు మరలతోనూ సన్నని గంట్లు వేల కొద్దీ పెట్టారు. మెట్టు నిటారుగా ఉంటే పసుపు పక్కన నీలం కత్తితో కోసినట్టు ఆగుతుంది. వాలుగా దించితే రోలర్ ఒత్తిడి నెమ్మదిగా తగ్గుతూ పోతుంది కనుక పసుపు పలచబడుతూ నీలానికి చోటిస్తుంది. గంట్లు దగ్గరదగ్గరగా ఉంటే రెండు రంగుల చుక్కలు పక్కపక్కన పడి, దూరం నుంచి కంటికి మూడో రంగు కనిపిస్తుంది. ఆ మూడో రంగు ఏ సిరా డబ్బాలోనూ లేదు. నాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చింది ఇదే. కుంచె పట్టినవాడు రంగును ఎక్కడ పెట్టాలో చూస్తూ పెడతాడు. ఈయన నెలల ముందే లోహంలో ఆ చోటు తవ్వి ఉంచుతారు. పైగా కాగితం మీద కుడి ఎడమ తారుమారవుతుంది కాబట్టి, అదంతా అద్దంలో చూసినట్టు ఊహించి తవ్వాలి.

1963 నాటి ‘వర్ల్‌పూల్’ చూస్తే ఈ లెక్క కంటికి కడుతుంది. సుడి కేంద్రం నుంచి అంచులకు పోయే కొద్దీ చిన్న చిన్న గదుల్లాంటి ఆకారాలు విచ్చుకుంటాయి. నీటి బొమ్మ గీశారని అనిపించదు, నీరు కదిలే పద్ధతే అక్కడ ఉందనిపిస్తుంది. తొలి ఏళ్ళలో చేపలు, పురుగులు, అలలు, మొలకలు ఆయన వస్తువులు. 1968లో పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు ‘డెమాన్‌స్ట్రేటర్స్’ చెక్కారు. అందులో మనుషుల గుంపు కూడా అలలాగే కూడి నిలబడుతుంది. 1981 నాటి ‘గ్రేట్ క్లౌన్’ నా లెక్కన ఆయన పనికి శిఖరం. సర్కస్ గుండ్రటి బరిలో విదూషకుడు, అతని చుట్టూ వలయాలూ కిరణాలూ ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్తాయి. ఆ ఒక్క రేకు నుంచే ఎన్నో వేరువేరు రంగుల ప్రింట్లు తీశారు. ఒకదానిలో విదూషకుడు ఎర్రగా ముందుకొస్తే ఇంకోదానిలో నీలంలో కరిగి వెనక్కి పోతాడు. లోహంలో ఒక్క గీత మారలేదు. సిరాలో నూనె మారింది, రోలర్ల వరస మారింది. ఒకే రాగాన్ని ఇద్దరు కాదు, ఒకే విద్వాంసుడు రోజుకో తీరున ఎత్తుకోవడం లాంటి పని అది.

1960లలో ఆయన హేటర్‌తో పాటు అతెలియే 17 బాధ్యత పంచుకున్నారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1976లో న్యూయార్క్ వెళ్ళి అక్కడి విశ్వవిద్యాలయంలో ముద్రణ విభాగం నడిపారు. తెలిసిన రహస్యాన్ని గుప్పిట్లో పెట్టుకోలేదు. రోలర్ల గట్టితనం, నూనె పాళ్ళు, చెక్కే వరస అన్నీ వివరించి 1988లో ‘ఇంటాగ్లియో సైమల్టేనియస్ కలర్ ప్రింట్‌మేకింగ్’ అనే పుస్తకం రాశారు. హేటర్ అదే ఏడు పారిస్‌లో పోయారు. 2016లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, ముద్రణ కళాకారిణి జరీనా హష్మీల పనులను ఒకే ప్రదర్శనలో పెట్టింది. రెండేళ్ళకు, 2018 ఆగస్టు 22న, కృష్ణారెడ్డి గారు న్యూయార్క్‌లో కన్నుమూశారు.

చిత్తూరు ప్రాంతం నుంచి వెళ్ళిన ఈ మనిషి గురించి తెలుగులో ఎక్కువ మందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఆయన ప్రింటు ఏ గ్యాలరీలోనైనా ఎదురైతే వెంటనే రంగుల్లోకి వెళ్ళకండి. పక్కకు జరిగి, వెలుతురు కాగితం మీద ఏటవాలుగా పడే చోట నిలబడి, ముందు గట్లూ పల్లాలూ చూడండి. తర్వాత ఎదురుగా వచ్చి ఏ రంగు ఏ లోతులో నిలిచిందో వెతకండి.