‘నైస్’ తర్వాతి వాక్యం

డిక్షనరీ తెరిస్తే ‘నైస్’ అంటే ‘బాగున్న, చక్కని’ అని ఉంటుంది. ఇంగ్లీషు అప్పుడే మొదలుపెట్టిన పిల్లలకి కూడా తెలిసిన మాటే. దాన్ని ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ అది ఒక్కటే అనేసి ఊరుకోకూడదు అన్నదే అసలు చిక్కు. ఈ చిక్కు మీద నేను చదివినవాటిలో మంచి పాఠం గ్రామర్ పుస్తకంలో లేదు, నవలలో ఉంది. జేన్ ఆస్టెన్ ‘నార్తాంగర్ ఆబీ’ 14వ అధ్యాయం.

ముందు ఆ మాట చరిత్ర కొంచెం తెలియాలి. లాటిన్‌లో దాని మూలానికి ‘తెలియనివాడు’ అని అర్థం. ఫ్రెంచి మీదుగా సుమారు 700 ఏళ్ళ కిందట ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ‘నైస్’ అంటే తెలివితక్కువ. ఆ తర్వాత ప్రతిదానికీ వంకలు పెట్టే చాదస్తానికీ, సూక్ష్మమైన తేడాకీ, కచ్చితత్వానికీ పేరైంది. ‘బాగుంది’ అనే అర్థం 18వ శతాబ్దంలో గానీ గట్టిపడలేదు. మన ‘కంపు’ సరిగ్గా దీనికి ఎదురుదారిలో నడిచింది. పాత తెలుగులో అది మంచి వాసన కూడా.

ఆస్టెన్ నవల అచ్చులోకి వచ్చింది 1817 చివర్లో, ఆవిడ పోయిన కొన్ని నెలలకి. అప్పటికి కొత్త అర్థం జనం నోళ్ళలో బాగా నలుగుతోంది, పాత అర్థాలు ఇంకా చచ్చిపోలేదు. 17 ఏళ్ళ కాథరిన్, హెన్రీ, అతని చెల్లెలు ఎలినార్ కలిసి బాత్ ఊరి పక్కనున్న కొండ మీదకి నడిచి వెళ్తుంటారు. ఆన్ రాడ్‌క్లిఫ్ 1794లో రాసిన భయానక నవల ‘ఉడోల్ఫో’ని కాథరిన్ ‘నైస్’ అంటుంది, అదీ అన్నిటికంటే నైస్ అని. హెన్రీ పట్టుకుంటాడు. నీటుగా ఉందనా? అయితే అది బైండింగుని బట్టి ఉంటుంది కదా! అక్కడితో ఆగడు. వాతావరణానికీ, నడకకీ, అమ్మాయిలకీ అన్నిటికీ ఈ ఒక్క మాటే అంటించేస్తున్నారని ఎగతాళి చేస్తాడు. ఎలినార్ ఊరుకోదు. అదే మాటని ‘చాదస్తం’ అనే పాత అర్థంలో అన్న మీదకే తిప్పికొడుతుంది.

చాలామంది ఈ సీన్‌ని హెన్రీ గెలుపుగా చదువుతారు. నాకలా అనిపించదు. అంతకు కొద్దిసేపటి ముందే కాథరిన్ ఆ కొండని చూసి, ఉడోల్ఫోలో హీరోయిన్, ఆమె తండ్రి ప్రయాణించిన దక్షిణ ఫ్రాన్స్ గుర్తొస్తోంది అంటుంది. అంటే పుస్తకం ఆమె చూపుని మార్చేసింది. ఎదురుగా ఉన్న కొండని కూడా పుస్తకంలోంచే చూస్తోంది. ఒక రచన గురించి పాఠకురాలు ఇంతకంటే నిజమైన మాట ఏం చెప్పగలదు? ఇక హెన్రీ, తనే రెండు రోజుల్లో ఆ నవల ముగించానని, చదువుతున్నంతసేపూ వెంట్రుకలు నిక్కబొడుచుకునే ఉన్నాయని చెప్పుకున్నవాడు. అంత ఆనందం అనుభవించి కూడా విశేషణం దగ్గర ఆగిపోయాడు. ఆమె విశేషణం అరిగిపోయింది నిజమే, చదవడం మాత్రం అరిగిపోలేదు.

తెలుగువాళ్ళం ఈ మాటని తెచ్చుకుని మన పనులకి మలుచుకున్నాం. పిండి ‘నైస్‌గా’ రుబ్బమంటాం, అంటే పలుకు లేకుండా మెత్తగా. మీటింగ్‌లోంచి ‘నైసుగా’ జారుకున్నాడంటాం, అంటే ఎవరికీ దొరక్కుండా. మన సమీక్షల్లో, కథల కింద కామెంట్లలో కనిపించే ‘నైస్’, ‘బావుందండీ’, ‘చక్కటి కథ’ చాలావరకు ఈ రెండో రకం. చదివామో లేదో తెలియకుండా, రచయిత నొచ్చుకోకుండా, మనం దేనికీ జవాబుదారీ కాకుండా జారుకోవడం.

యూనిక్స్‌లో ‘నైస్’ అనే కమాండ్ ఉంది. ఏ ప్రాసెస్‌కైనా మైనస్ 20 నుంచి 19 దాకా ఒక నైస్ విలువ ఇవ్వొచ్చు. అంకె పెరిగేకొద్దీ ఆ ప్రాసెస్ మిగతావాటికి దారిచ్చి తను వెనక్కి తగ్గుతుంది. సర్వర్ మీద అది మంచి మర్యాద. విమర్శలో అందరూ 19 దగ్గర కూర్చుంటే అసలు పని ఎవరు చేస్తారు? నష్టపోయేది ముఖ్యంగా కొత్త రచయితే. మొదటి కథకి నలభై ‘నైస్’లు వచ్చినా, ఏ పేరా పనిచేసిందో, పాత్ర ఎక్కడ చేయి జారిందో చెప్పినవాడు ఒక్కడూ లేకపోతే, రెండో కథని దేని మీద నిలబడి రాస్తారు?

అలాగని తిట్టమనడం లేదు. కాస్త కరుకుగా రాస్తే అదే విమర్శ అనుకునేవాళ్ళు మనకి ఇప్పటికే సరిపడా ఉన్నారు, హెన్రీకి తమ్ముళ్ళు. ‘నైస్’ అనడం మానక్కర్లేదు కూడా. కాథరిన్ అన్నది, మనమూ అందాం. కాకపోతే ఆమెకి ఆ మాట వెనక ఒక కొండ ఉంది. కథ బావుందని టైప్ చేశాక ఎంటర్ నొక్కేముందు, ఆ కథ చదివాక మనకి ఏది వేరేగా కనిపించిందో ఇంకొక్క వాక్యం రాయాలి. ఆ వాక్యం దొరక్కపోతే, కథ ఇంకోసారి చదవాలి.