కాంతితంతువులలో సోలిటాన్: ఒక సమీకరణపు బలాబలములు

1834లో ఎడింబరో సమీపమునందలి కాలువలో జాన్ స్కాట్ రస్సెల్ ఒంటరి అలను గాంచి, గుఱ్ఱముపై దానిని వెంబడించిన వృత్తాంతము సుప్రసిద్ధము. 1965లో జబుస్కీ, క్రుస్కల్ అను శాస్త్రజ్ఞులు అట్టి తరంగములకు సోలిటాన్ అని పేరిడిరి. గాజుతంతువునందును కాంతిస్పందము రూపు చెడక పయనింపగలదని హసెగావా, టాపర్టు అనువారు 1973లో ప్రకటించిన వ్యాసమే యీ విమర్శకు విషయము.

వారి వాదము సుబోధము. తీవ్రత హెచ్చినకొలది గాజు వక్రీభవన గుణకము లేశమాత్రము పెరుగును. అందుచే స్పందపు ముందుభాగమున తరంగములు దీర్ఘములును, వెనుకభాగమున హ్రస్వములును అగును. సాధారణ తంతువులో సుమారు 1.3 మైక్రాన్లకు మించినచోట దీర్ఘతరంగములు మెల్లగను, హ్రస్వతరంగములు వేగముగను నడచును. కావున ముందుది వెనుకకు తగ్గును, వెనుకది ముందునకు వచ్చును. విక్షేపణముచే చెదరవలసిన స్పందము నిలుచును. ఈ సామ్యమును అరేఖీయ ష్రోడింగర్ సమీకరణము విక్షేపణమునకొక పదము, తీవ్రతకొక పదము చేర్చి చెప్పుచున్నది.

ఒక పికోసెకండు స్పందమునకు సుమారు 1 వాటు సామర్థ్యము చాలునని వ్యాసకర్తలు అంచనా వేసిరి. 1980లో మోలెనావర్, స్టోలెన్, గోర్డన్ 700 మీటర్ల తంతువులో 1.55 మైక్రాన్లయొద్ద సోలిటాన్లను ప్రత్యక్షముగా జూపి సిద్ధాంతమును నిలిపిరి. ఇది సామాన్యమైన విజయము కాదు.

అయినను ఈ సమీకరణమునకు తనదైన కొలత లేదు. స్పందపు వెడల్పును సగము చేసి సామర్థ్యమును నాలుగింతలు చేసినచో అదే పరిష్కారము మరల లభించును. గాజునకు మాత్రము కొలత కలదు. రామన్ ప్రభావముచే స్పందపు పౌనఃపున్యము క్రమముగా తగ్గునని 1986లో తేలినది. వెడల్పు సగమైనచో ఆ తగ్గుదల వేగము పదునారింతలగును. తంతువు నష్టము కిలోమీటరునకు 0.2 డెసిబెల్ అయినను 15 కిలోమీటర్లలో సామర్థ్యము సగమగును. నష్టమును పూరించు వర్ధకములు రొదను చేర్చును. ఆ రొదచే స్పందము చేరు కాలమునందలి చాంచల్యపు విస్తృతి దూరపు ఘనమునుబట్టి పెరుగునని గోర్డన్, హౌస్ అదే సంవత్సరమున నిరూపించిరి. శోషణమున్నను, రొదయున్నను స్పందము స్థిరమని మూలవ్యాసము చెప్పినమాట సత్యమే. కాని రూపము నిలుచుట వేఱు, సకాలమున చేరుట వేఱు. వార్తాప్రసారమునకు రెండవదియు ఆవశ్యకము.

కావున ఈ సమీకరణమును తోసిపుచ్చుట అవివేకము. దానినే తంతువని భ్రమించుట అంతకు మించిన అవివేకము. ఏ వెడల్పునకు, ఎంత దూరమునకు అది చెల్లునో ముందుగా నిర్ణయించుకొని ప్రయోగించుటయే శాస్త్రమర్యాద.